నాలుగున్నర అడుగుల బాత్‌రూమ్‌లో తువ్వాళ్లు ఎక్కడ సర్దాలి? మన చెమ్మకి తట్టుకునే ఉపాయాలు చెప్పండి

కౌశికతీరం · అమలాపురం

అందరికీ నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర పాత మండువా ఇల్లు. వెనక వరండా చివర గోడ కట్టించి నాలుగున్నర అడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవుతో బాత్‌రూమ్ వేయించాం. కమోడ్, షవరు, వాష్‌బేసిన్, గీజరు పోగా తువ్వాళ్లకంటూ చోటు మిగల్లేదు. ప్రస్తుతానికి తలుపు వెనక కొక్కేలకి ఒకదాని మీద ఒకటి వేస్తున్నాం. అడుగున పడ్డది సాయంత్రానికి కూడా ఆరదు, ముక్కవాసన.

సంక్రాంతికి ఆడపడుచులు, అల్లుళ్లు, పిల్లలు దిగుతారు. అప్పుడు పది, పన్నెండు తువ్వాళ్లు చేతికందేలా ఉండాలి. నెట్‌లో ఫోటోలు చాలా చూశాను. అందంగానే ఉన్నాయి కానీ అవన్నీ గాలి పొడిగా ఉండే ఊళ్లవి. మన దగ్గర కాలవ గట్టున, చేల మధ్య ఇల్లు. వానాకాలంలో తలుపులే ఉబ్బి పట్టేస్తాయి. టైల్స్ వేసేశారు కాబట్టి గోడ పగలగొట్టే పని మాత్రం వద్దు. చోటు కలిసి రావాలి, చూడముచ్చటగా ఉండాలి. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

గోస్తనీ గట్టు · తణుకు

వదినగారూ, ముందు తడి తువ్వాలు, పొడి తువ్వాలు వేరు చేసి ఆలోచించండి. వాడిన దానికి కావలసింది గాలి. ఉతికి మడతపెట్టిన దానికి కావలసింది పొడిగా ఉండే చోటు. రెండిటికీ ఒకే మూల వెతికితే రెండూ పాడవుతాయి.

వాడినవాటికి కొక్కెం పనికిరాదు. గుడ్డంతా ఒక్క చోట ముడుచుకుపోయి మధ్యలో గాలాడదు. రాడ్డు పెట్టించండి, కొలత చూసి మరీ పెట్టించండి. మామూలు స్నానం తువ్వాలు 30 అంగుళాల వెడల్పు, 60 అంగుళాల పొడవు ఉంటుంది. బజారులో ఎక్కువగా దొరికే రాడ్డు 24 అంగుళాలది. దాని మీద వేస్తే అంచులు లోపలికి మడతపడతాయి, ఆ మడతలోనే వాసన పుడుతుంది. కనీసం 32 అంగుళాల రాడ్డు అడగండి.

చోటు తక్కువ కాబట్టి ఒకదాని కింద ఒకటి రెండు రాడ్లు వేయొచ్చు. సగానికి వేసిన తువ్వాలు 30 అంగుళాలు కిందికి దిగుతుంది. పై రాడ్డు నేల నుంచి ఆరున్నర అడుగుల ఎత్తులో, కింది రాడ్డు 44 అంగుళాల ఎత్తులో పెడితే పైది కిందిదానికి తగలదు, కిందిది నేల మీద నీళ్లకి తగలదు. మా ఇంట్లో ఇలాగే ఉంది. ఒక్క గోడ మీద రెండు అడుగుల ఎనిమిది అంగుళాల మేర చోటుతో సరిపోయింది.

స్టీలువర్కు · భీమవరం

అక్క చెప్పిన కొలతలు సరిగ్గా ఉన్నాయి. రాడ్డు ఏ స్టీలుదో కూడా చూసుకోండి. షాపులో మెరిసేదంతా ఒకటి కాదు. 304 రకంలో దాదాపు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202 రకంలో నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు. కొత్తలో రెండూ ఒకేలా ఉంటాయి. మన తీరప్రాంతంలో, అందులోనూ బాత్‌రూమ్‌లో, 202కి గోధుమరంగు చుక్కలు త్వరగా లేస్తాయి. ఆ తుప్పు మరక తెల్ల తువ్వాలుకి అంటిందంటే ఇక పోదు.

అయస్కాంతం పెట్టి చూసుకోమంటారు కొందరు. దానివల్ల ఈ రెండిటికీ తేడా తెలియదు, రెండూ మామూలుగా అయస్కాంతానికి అంటవు. బిల్లు మీద గ్రేడు రాయించుకోండి. మా దగ్గర స్టీలు మీద చుక్క వేసి రంగు మారడం చూసే మందు ఉంటుంది, ఫ్యాబ్రికేషన్ షాపులో అడిగితే పరీక్ష చేసి చూపిస్తారు. అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లవాళ్లయితే 316 తీసుకోవడం మేలు. అందులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం కలుస్తుంది, ఉప్పుగాలికి బాగా ఆగుతుంది.

ఇంకో మాట. బాత్‌రూమ్ యాసిడ్‌తో కడిగే ఇళ్లలో 304 కూడా పాడవుతుంది. ఆ ఆవిరి స్టీలు మీద పేరుకుని గుంటలు పెడుతుంది. యాసిడ్ మానేస్తే మంచిది. మానలేకపోతే కడిగిన వెంటనే రాడ్ల మీద మంచినీళ్లు పోసి తుడవండి.

అద్దెకొంప · రాజమండ్రి

మా లాంటి అద్దె ఇళ్లవాళ్లకి గోడకి కన్నం పెట్టే వీలుండదు. అందుకని రెండు ముక్కలు. అతికించే కొక్కేలు, గాలి పీల్చి పట్టుకునే రబ్బరు కొక్కేలు మన తేమలో నమ్మదగ్గవి కావు. తడి తువ్వాలు బరువుకి ఏ అర్ధరాత్రో ఊడిపడతాయి. తలుపు పైఅంచుకి తగిలించే స్టీలు ఫ్రేము వాడండి, రెండు మూడు అడ్డకమ్మీలున్నది. స్ప్రింగు రాడ్డు కూడా బాగుంటుంది. ఎదురెదురు గోడల మధ్య బిగుసుకుంటుంది, ఇల్లు మారేటప్పుడు తీసుకుపోవచ్చు. అయితే రెండు గోడల మధ్య దూరం పెరిగేకొద్దీ మధ్యలో వంగుతుంది. నాలుగున్నర అడుగులకైతే లావు గొట్టం ఉన్నది కొనాలి, దాని మీద రెండు తువ్వాళ్లకి మించి వేయకూడదు.

చెక్కపని · పాలకొల్లు

అమ్మా, మీ బాత్‌రూమ్‌లో అందరూ మర్చిపోయే చోటు ఒకటుంది. తలుపు మీద. ద్వారబంధం ఏడడుగులు, స్లాబు పదడుగులు అనుకుంటే మధ్యలో మూడడుగుల గోడ ఊరికే ఉంటుంది. అక్కడ షవరు తుంపర పడదు, నడిచేటప్పుడు తలకి తగలదు. నేను చేసే బాత్‌రూమ్ పనుల్లో ఎక్కువమందికి ముందు ఇదే చెబుతాను.

చేసే పద్ధతి చెబుతాను. పలక వేయకండి, బద్దలు వేయించండి. రెండంగుళాల వెడల్పున్న టేకు బద్దలు, బద్దకీ బద్దకీ మధ్య అరంగుళం సందు. కిందినుంచి గాలి లేస్తుంది, తువ్వాలు అడుగు భాగం చెమ్మ పట్టదు. లోతు 12 అంగుళాలు చాలు. చివరి బద్దని ఒక అంగుళం పైకి లేపి కొడితే మడతలు జారిపడవు. పాత మండువా ఇల్లన్నారు కాబట్టి అటక మీద పాత టేకు కిటికీ రెక్కలో, పట్టెలో ఉండే ఉంటాయి. వాటిని చిత్రిక పట్టిస్తే కొత్త టేకు కొనక్కర్లేదు. అంత ఎండిన చెక్క ఇప్పుడు డిపోలో దొరకదు కూడా.

ప్లైవుడ్డే వేయాలంటే ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై మాత్రమే. ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు బాత్‌రూమ్ గడప దాటి లోపలికి రానివ్వకండి. నీటి చెమ్మకి అంచులు పొంగి పొరలు విప్పుకుంటాయి. స్క్రూలు కూడా స్టెయిన్‌లెస్‌వే ఉండాలి. మామూలు ఇనప స్క్రూ టేకులో ఉంటే దాని చుట్టూ నల్ల మచ్చ తేలుతుంది.

సర్పవరం వీధి · కాకినాడ

మేస్త్రీ గారూ, తెరిచిన అర మన ఇళ్లకి కుదురుతుందా? దుమ్ము, బల్లులు, దోమలు. ముఖం తుడుచుకునే గుడ్డ మీద బల్లి పాకిందంటే నేను వాడలేను. తలుపులున్న కప్‌బోర్డే నయం కదా. లోపల రెండు కలరా ఉండలు పడేస్తే పురుగు కూడా రాదు.

చెక్కపని · పాలకొల్లు

మీ ఇబ్బంది నిజమేనండి. కానీ బాత్‌రూమ్ లోపల పూర్తిగా మూసిన పెట్టెలో తేమ చిక్కుకుంటుంది. వేడినీళ్ల స్నానం అయ్యాక తలుపు తీసి తువ్వాలు తీసుకుంటే ఆ ఆవిరి లోపలికి పోతుంది, మళ్లీ మూసేస్తాం. శ్రావణ భాద్రపదాల్లో అలాంటి కప్‌బోర్డు వెనక పలక మీద బూజు తెల్లగా పట్టి ఉండటం చాలా ఇళ్లలో చూశాను. మధ్యేమార్గం లూవర్ తలుపు. ఏటవాలు రెక్కలుంటాయి, గాలి ఆడుతుంది, బల్లి లోపలికి దూరకుండా వెనక సన్నటి స్టీలు జాలీ కొట్టొచ్చు. చెక్కలో కాకుండా అల్యూమినియంలో చేయిస్తే ఉబ్బే బాధ కూడా ఉండదు. పేము అల్లిక తలుపులు ఈమధ్య ఫ్యాషన్. అవి హాల్లో పెట్టుకోండి, బాత్‌రూమ్‌లో వద్దు. పేము తడికి సాగి బూజు పడుతుంది.

గోస్తనీ గట్టు · తణుకు

కలరా ఉండలు మాత్రం తువ్వాళ్లలో వేయకండి, పండక్కి చంటిపిల్లలు వస్తారు కదా. పసిపిల్లల బట్టల దగ్గర అవి ఉండకూడదని పిల్లల డాక్టర్లు చెబుతారు. కొంతమంది పిల్లల్లో పుట్టుకతో జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉంటుంది. వాళ్లకి ఆ ఆవిరి తగిలితే రక్తకణాలు చిట్లే ప్రమాదం ఉంది. వాసన కోసం ఎండిన వట్టివేళ్లు గుప్పెడు పల్చటి గుడ్డలో కట్టి మడతల మధ్య పెట్టండి.

మగ్గంగుంట · బండారులంక

అర ఎక్కడ, రాడ్డు ఎక్కడ అని అందరూ చెప్పారు. అసలు తువ్వాలు సంగతి ఎవరూ ఎత్తలేదు. మాది నేత కుటుంబం కాబట్టి నేను చెప్పాల్సింది అదే.

మందపాటి టర్కీ తువ్వాలు 30 బై 60 కొలతలో 500 జీఎస్ఎమ్‌ది (చదరపు మీటరుకి 500 గ్రాముల బరువున్నది) తీసుకుంటే పొడి బరువే దాదాపు 580 గ్రాములు. మడిస్తే మూడు, నాలుగు అంగుళాల ఎత్తు వస్తుంది. పన్నెండు తువ్వాళ్లంటే మూడు, నాలుగడుగుల గుట్ట. అదే కొలతలో చేనేత నూలు తువ్వాలు బరువు అందులో సుమారు మూడో వంతు. మడిస్తే అంగుళం చిల్లర. పన్నెండూ ఒక్క అరలో పడతాయి. పైగా పల్చటి నూలు ఉదయం ఆరేస్తే మధ్యాహ్నానికి ఆరిపోతుంది. టర్కీ తువ్వాలు పోగులు ఉంగరాలుగా లేచి ఉంటాయి, నీళ్లు ఎక్కువ పీలుస్తాయి, ఆ నీళ్లని వదలడానికీ అంతే మొరాయిస్తాయి. పొడిగాలి ఊళ్లలో అది సుఖం. మన డెల్టాలో గాలే తడి, తువ్వాలు నీళ్లు ఎక్కడికి పోతాయి?

మరీ పల్చగా ఉందనుకునేవాళ్లకి తేనెపట్టు గళ్ల నేత ఉంది. షాపులో హనీకోంబ్ అంటే ఇస్తారు. గళ్లు గుంటలుగా ఉండి నీళ్లు బాగా లాగుతుంది, గుంటల్లో గాలాడి త్వరగా ఆరుతుంది.

కొత్త చేనేత తువ్వాలు నీళ్లు పీల్చడం లేదని కొందరు పక్కన పడేస్తారు. అది గంజి వల్ల. నేసే ముందు పడుగుకి గంజి పెడతాం. రాత్రంతా నీళ్లలో నానబెట్టి రెండు, మూడు ఉతుకులు పడితే గంజి పోయి మెత్తబడుతుంది. ఉతికేటప్పుడు మెత్తదనం కోసం పోసే కండిషనర్ మాత్రం వద్దు. అది పోగుల మీద పూతలా పట్టి నీళ్లు పీల్చనివ్వదు.

కౌశికతీరం · అమలాపురం

అన్నయ్యగారూ, ఇది నాకు తట్టలేదు! అల్లుళ్లకి పల్చటి తువ్వాలు ఇస్తే బాగుంటుందా అని మా అత్తయ్యగారు అంటున్నారు. ఆవిడకి మందపాటి తువ్వాలే మర్యాద.

లంకలోగిలి · దిండి

అమ్మా, మాకు గోదావరి ఒడ్డున చిన్న హోమ్‌స్టే ఉంది. మర్యాదంతా మీరు పెట్టే తీరులో ఉంటుంది. పల్చటి తువ్వాళ్లనే చుట్టలు చుట్టి పెట్టండి, ఎవరికీ తక్కువగా అనిపించదు.

చుట్టడం ఇలా. తువ్వాలు మంచం మీద పరిచి, ఒక మూలని ఐమూలగా లోపలికి మడవండి, చివర కోసుగా వస్తుంది. ఇప్పుడు దాన్ని తిప్పి, పొడుగువాటంగా మూడు మడతలు వేయండి, పదంగుళాల వెడల్పు వస్తుంది. కోసు లేని వైపు నుంచి గట్టిగా చుట్టుకుంటూ వచ్చి, చివర మిగిలిన ఆ కోసుని చుట్ట మడతలోకి దోపేయండి. ఇక ఎత్తినా విసిరినా విప్పుకోదు. చుట్టల గుండ్రటి ముఖం బయటికి కనబడేలా అరలో పేరిస్తే రంగు అంచులు వలయాలుగా కనిపిస్తాయి. పైన గుట్ట కదలకుండా ఒక్కటే లాగొచ్చు, అది పెద్ద సదుపాయం.

వీటిని పెట్టడానికి మేము వాడేది ఉట్టి. అవును, అమ్మమ్మలు పాలకుండలు పెట్టిన ఉట్టే. స్లాబుకి ఇత్తడి కొక్కెం, దానికి తెల్ల నూలు తాడుతో అల్లిన మూడంతస్తుల ఉట్టి, ఒక్కో అంతస్తులో వెదురు పళ్లెం. వాష్‌బేసిన్ పక్క మూలలో అడుగు చోటుంటే చాలు, నేల మీద ఏమీ ఆనదు, కింద కడుక్కోవచ్చు. వచ్చినవాళ్లు ముందు దాన్నే ఫోటో తీస్తారు. మొదట కొబ్బరి పీచు తాడే అనుకున్నాం, అంబాజీపేట పక్కనే కదా. పీచు తాడు తడికి గట్టిదే కానీ తడిస్తే గోధుమరంగు దిగుతుంది, తెల్ల తువ్వాళ్ల దగ్గర పెట్టలేం. అందుకని నూలు తాడు.

అల్లిక · నరసాపురం

ఉట్టి మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. మా నరసాపురం లేసు అల్లికకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మీకు తెలిసే ఉంటుంది. అర ముందు అంచుకి నాలుగంగుళాల లేసు బద్దీ వేలాడదీస్తే పాత టేకు మీద చాలా నిండుగా ఉంటుంది. వెల్క్రో పట్టీ మీద కుట్టించుకోండి, ఉతకడానికి ఊడదీయొచ్చు. లేసు అంచు కుట్టిన తువ్వాళ్లు మాత్రం రాడ్డు మీద వేయకండి, గాజులకీ ఉంగరాలకీ తగులుకుని పోగు లాగేస్తుంది. అవి మడతలోనే ఉండాలి.

ఇటుకా సిమెంటూ · రావులపాలెం

సైటు పనులు చూసేవాణ్ని. కన్నాలు పెట్టే ముందు ఇది చదవండి. కుళాయికి, షవరుకి, గీజరు పాయింటుకి నిట్టనిలువుగా పైనా కిందా డ్రిల్లు పెట్టకూడదు. గోడలో పైపులు సాధారణంగా అలాగే పోతాయి. టైల్స్ వేయకముందు తీసిన ఫోటోలుంటే వెతకండి. టైలు మీద డ్రిల్లు జారకుండా కాగితపు టేపు అంటించి, టైలు పొర దాటేవరకు హ్యామర్ మోడ్ ఆపేసి నెమ్మదిగా తిప్పాలి. ప్లగ్గు కొట్టే ముందు కన్నంలో కాస్త సిలికాన్ నింపితే నీళ్లు గోడలోకి దిగవు.

ఎవరైనా కొత్తగా కట్టేవాళ్లుంటే గోడలోనే గూడు వదిలించుకోండి, అన్నిటికంటే చోటు కలిసొచ్చేది అదే. తొమ్మిదంగుళాల గోడలో నాలుగున్నర లోతు వస్తుంది, చుట్టలు నిలువుగా నిలబడతాయి. బయటి గోడలో వద్దు. పల్చబడ్డ చోట వాన చెమ్మ లాగుతుంది. గూడు అడుగు రాయి కొంచెం ముందుకి వాలుగా ఉండాలి.

గాలి సంగతి. మీ గది నాలుగున్నర ఇంటూ ఏడు ఇంటూ పది, అంటే 315 ఘనపుటడుగులు. గంటకి ఎనిమిదిసార్లు గాలి మారాలంటే నిమిషానికి 42 ఘనపుటడుగులు లాగితే చాలు. ఆరంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను అంతకంటే చాలా ఎక్కువే లాగుతుంది. కానీ తలుపు కింద అరంగుళం సందు లేకపోతే ఫ్యాను తిరుగుతుంది తప్ప గాలి కదలదు. స్నానం తర్వాత ఇంకో ఇరవై నిమిషాలు ఆపకండి.

ఏటిగట్టు · ముమ్మిడివరం వైపు

మాది లంక గ్రామం. 2022 జులై వరదకి ఇంట్లో నీళ్లు నిలిచాయి. అప్పటినుంచి మా వైపు చాలామంది వాష్‌బేసిన్ కింద కప్‌బోర్డులు మానేశారు. తలుపు మీద అర అని పాలకొల్లు మేస్త్రీగారు చెప్పింది మా బోటివాళ్లకి రెండు విధాలా మంచిది.

మామ్మ కబుర్లు · ద్రాక్షారామం

అమ్మాయీ, పాత ఇల్లంటున్నావు, వెనక వరండా అంటున్నావు. మరి దండెం ఏదీ? మా రోజుల్లో వరండాలో వాసానికి రెండు తాళ్లు కట్టి వెదురు గెడ వేలాడదీసేవాళ్లం. తడిగుడ్డలన్నీ దాని మీదే, స్నానాలగదిలో ఏదీ ఉంచేవాళ్లం కాదు. అదే మళ్లీ వేయించు. కణుపులు నున్నగా గీయించిన గెడకి వార్నీషు పూయిస్తే ఇప్పటివాళ్ల కంటికీ ఇంపుగానే ఉంటుంది. పాత చిలక్కొయ్యలుంటే పారేయకు. పిల్లల చిన్న తువ్వాళ్లకి, చేతిగుడ్డలకి అంతకంటే అందమైనవి ఉండవు.

కౌశికతీరం · అమలాపురం

మామ్మగారూ, మీ మాటతో లెక్క కుదిరిందండి. తడివన్నీ వరండాలో దండెం మీదకి. బాత్‌రూమ్‌లో రోజువారీకి ఒక్క రాడ్డు, 304ది, 32 అంగుళాలు. తలుపు మీద బద్దల అర, అటక మీద పాత కిటికీ రెక్కలు నిజంగానే ఉన్నాయి. మూలకి ఉట్టి. చిలక్కొయ్యలు కూడా దొరికాయి, ఒకదానికి ముక్కు విరిగింది. అత్తయ్యగారు హనీకోంబ్ నేతకి ఒప్పుకున్నారు. మేస్త్రీగారూ, గీజరు తలుపు పక్క గోడకే ఉంది, అర దానికి తగలదు కదా?

చెక్కపని · పాలకొల్లు

గీజరుకి అన్ని వైపులా కనీసం అడుగు వదలండి. మరమ్మతుకి మనిషి చెయ్యి దూరాలి, వేడినీళ్లు బయటికి తన్నే వాల్వు కింద గుడ్డలుండకూడదు. అర పొడవు ఆ మేరకి తగ్గించండి, లోతు తగ్గించకండి. ముక్కు విరిగిన చిలక్కొయ్య పంపితే అతుకు కనబడకుండా పెట్టిస్తాను.

మగ్గంగుంట · బండారులంక

ఇంకో చిన్న సాయం. పండక్కి ఎవరి తువ్వాలు ఎవరిదో తెలియక గందరగోళం అవుతుంది కదా. ఒక్కో కుటుంబానికి ఒక్కో రంగు అంచు వేయించుకోండి. మెరూన్, ఆకుపచ్చ, పసుపు, నీలం. చుట్టలు పేరిస్తే ఉట్టిలో ఆ రంగులే కనబడతాయి, ఎవరిది వాళ్లు తీసుకుంటారు. ముందే చెప్పాలి మరి. పండగ దగ్గర పడితే మగ్గాలన్నీ చీరల మీదే ఉంటాయి, కార్తీకంలోనే రంగులు ఖాయం చేసి చెప్పండి.